రొయ్యకో లెక్క, కుక్కకో లెక్క

రొయ్యను తూకం వేస్తే బరువులో మూడో వంతుకు పైగా తలా పొట్టే తేలుతుంది. విశాఖపట్నం రేవులో శీతల కంటైనరెక్కి అమెరికాకో జపానుకో పోయేది మిగిలిన కండ. ఓడ ఎక్కేలోపు ఆ కండ పుట్టుపూర్వోత్తరాలన్నీ కాగితం మీదికి రావాలి: ఏ చెరువు, ఏ విత్తనం, ఏ మేత, ఏ మందు. తలా పొట్టూ మరో దారి పడతాయి. కొంత పారబోతకు పోతుంది, కొంత కైటిన్ తయారీకి పోతుంది, మరికొంత ఎండి పొడై ఏదో ఒక జంతువు మేతలో కలుస్తుంది. ఆ దారిలో జాతకం అడిగేవాళ్లు తక్కువ.

ఒకే జీవి, కోసిన బల్ల కూడా ఒకటే. అక్కడి నుంచి రెండు దారులు. ఇంట్లో పెంచుకునే కుక్కకు డబ్బా తిండి కొనే అలవాటు విశాఖలో ఈ మధ్యే బలపడింది. ఆ డబ్బాలో ఏముందో, అది మంచిదో కాదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న కూడా దాంతోపాటే వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం దుకాణంలో అట్ట చదివేకన్నా ముందు చేపల రేవు గతాన్ని చదవడం మేలు. సరుకును పరీక్షించడం అనే విద్యను ఈ ఊరు ఎలా నేర్చుకుందో, ఎవరి కోసం నేర్చుకుందో అక్కడ కనిపిస్తుంది.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ విశాఖ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఆ రేవు తవ్వింది మధ్య పరగణాల మాంగనీసును బయటికి పంపడానికి; జాలరిపేటల చేపతో దానికి పనిలేదు. తెప్పల మీద వేటకెళ్లిన జాలరులు, వాడబలిజలు తెచ్చిన చేప ఆ పూటకాపూట అమ్ముడయ్యేది. అమ్ముడవని నెత్తళ్లు, కవళ్లు, సావళ్లు ఉప్పు పట్టి ఇసుక మీద ఎండేవి. నాణ్యత తేల్చేది తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి నడిచే ఆడవాళ్లు. మొప్ప ఎత్తి ఎరుపు చూడటం, కన్ను ఉబ్బుగా ఉందా లోతుకు పోయిందా గమనించడం, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తుందో లేదో చూడటం, ఆఖరికి ముక్కు దగ్గర పెట్టుకోవడం. రొయ్యకైతే తల మొదలు దగ్గర నలుపు తిరిగిందా, తల వదులై వేలాడుతోందా అని చూసేవాళ్లు. ఏ పరీక్షలోనూ నెగ్గనిది గట్టు మీద కుక్క వంతు.

దీన్ని పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేయడానికి లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఈనాటికీ రొయ్యల కుళ్లు పట్టుకోవడానికి శిక్షణ పొందిన ముక్కుల్నే ముందు వాడుతుంది. ఆ ముక్కు చెప్పిన మాట కోర్టులో నిలబడాలి కాబట్టి తోడుగా ఇండోల్ అనే పదార్థాన్ని కొలుస్తారు. కండ కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా తయారుచేసే పదార్థమది. నూరు గ్రాముల రొయ్యలో 25 మైక్రోగ్రాములు దాటితే కుళ్లినట్టే లెక్క. జాలరిపేట ఆడవాళ్లు ఏ అంకే లేకుండా చేసిన పనికి అంకె కట్టడమే ఇది.

మన దేశం రొయ్యను అంకెల్లోకి దించింది డాలర్ల కోసం. 1953లో కొచ్చి నుంచి గడ్డకట్టించిన రొయ్య మొదటిసారి అమెరికాకు వెళ్లింది. మొదట్లో కొచ్చి వ్యాపారులు డబ్బా రొయ్య కూడా పంపేవాళ్లు. డబ్బాకయ్యే ఖర్చు మింగుడుపడక, మంచులో పెట్టి పంపడం తేలికై, డబ్బా వెనకబడింది. విశాఖ ఎగుమతి బాట పట్టేనాటికి గడ్డకట్టించిన సరుకే దారి. ఇక్కడొక పిడకల వేట: ఇది ఉక్కు నగరం. అయినా విశాఖ ఉక్కులో సాగేవి కడ్డీలు, తీగ చుట్టలు, కట్టడాల దిమ్మెలు. డబ్బాకు కావలసిన పలుచని తగరపు రేకు ఇక్కడ రాదు. దానికి పేరు జంషెడ్‌పూర్‌ది. చేపా ఉక్కూ రెండూ ఉన్న ఊళ్లో చేప డబ్బా పరిశ్రమ వేళ్లూనకపోవడం వింతే.

1963లో పార్లమెంటు ఎగుమతుల నాణ్యత నియంత్రణ, తనిఖీ చట్టం చేసింది. మరుసటి ఏడాది ఎగుమతి తనిఖీ మండలి వచ్చింది. 1972లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అందరూ ఎంపెడా అనేది, కొచ్చి కేంద్రంగా ఏర్పడింది. 1976లో విశాఖ చేపల రేవు పని మొదలుపెట్టింది. చట్టం ముందు, రేవు తరవాత. ఈ వరుసను గమనించాలి. బయటి కొనుగోలుదారు గుర్తించే ముద్ర సిద్ధమయ్యాకే ఇక్కడ గట్టు కట్టారు.

ఆ తరవాతి ఇరవై ఏళ్లు రొయ్యదే రాజ్యం. సోనా బోట్లు, వాటికన్నా పెద్ద ట్రాలర్లు విశాఖ నుంచి బయలుదేరి హుగ్లీ ముఖద్వారం దగ్గరి శాండ్‌హెడ్స్ దాకా వెళ్లి వలలు లాగేవి. వలలో పడిన రొయ్యకు తల తీసి, కౌంటు వారీగా వేరు చేసి, శీతల గదిలో పెట్టేవాళ్లు. కౌంటు అంటే తూకానికి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. రొయ్యతోపాటు వలలో పడిన చిల్లర చేపకు ఓడలో చోటుండేది కాదు, చాలాసార్లు సముద్రంలోకే పోయేది. ఒడ్డుకు వచ్చినది ఎండి కోళ్ల మేతకూ చేపపొడికీ చేరేది. దానికి కౌంటు లేదు, ముద్ర లేదు, కొచ్చి నుంచి వచ్చే అధికారి లేడు.

అప్పటి ఎగుమతి తనిఖీ అంటే చివరి పెట్టె తెరిచి చూడటమే. నమూనా కరిగించి, రంగు, వాసన, తూకం, నల్లమచ్చ చూసి, సూక్ష్మజీవుల పరీక్షకు పంపి ముద్ర వేసేవాళ్లు. ఈ పద్ధతి 1997 ఆగస్టులో కూలింది. ఐరోపా బృందం భారతదేశపు ప్లాంట్లను చూసి వెళ్లి, శుభ్రత తమ ప్రమాణానికి తగ్గట్టు లేదని, సరుకులో హానికర సూక్ష్మజీవులు దొరికాయని తేల్చింది. ఐరోపా సమాజం భారత సముద్ర ఉత్పత్తుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. అదే ఏడాది డిసెంబరు 18 నుంచి అమెరికా కూడా సముద్రాహారానికి హెచ్ఏసీసీపీ అనే కొత్త తనిఖీ పద్ధతిని తప్పనిసరి చేసింది. ఈ పద్ధతి పుట్టింది వ్యోమగాముల కోసం: అంతరిక్షంలో కడుపు చెడితే దిక్కులేదని నాసా, పిల్స్‌బరీ కంపెనీ 1960ల్లో కలిసి రూపొందించాయి. చివరి పెట్టెను చూడటం మాని, ముప్పు ఎక్కడెక్కడ దూరగలదో ముందే గుర్తించి అక్కడ కాపలా పెట్టడం దీని సారం. నీళ్లెక్కడివి, మంచు ఏ నీటితో చేశారు, రొయ్య ఒలిచే ఆడవాళ్ల గోళ్లు, తల కట్టు, కాళ్లు ముంచే క్లోరిన్ తొట్టి, అన్నిటికీ కాగితం.

ప్లాంట్ల యజమానులు అప్పులు చేసి గోడలకు పలకలు అతికించారు, మంచు యంత్రాలు మార్చారు. ఆ ఏడాది చివరికి ఐరోపా ఆమోదించిన ప్లాంట్ల జాబితా రావడంతో తలుపు మళ్లీ తెరుచుకుంది. జాబితాలో ఉన్నవాడు బతికాడు, లేనివాడు తెరుచుకోని మార్కెట్ల వైపు చూశాడు. పాతికేళ్ల ప్రభుత్వ ప్రబోధం చేయలేని మార్పును కొన్ని నెలల తిరస్కారం చేసింది. ఈ కథంతటిలో పదే పదే కనిపించేది ఇదే: సరుకు ఎంత ప్రమాదకరమో అన్నదాన్ని బట్టి పరీక్ష పుట్టలేదు, దాన్ని తిప్పి పంపగలిగేవాడు ఎవరన్నదాన్ని బట్టి పుట్టింది.

సముద్రపు రొయ్య తగ్గి చెరువు రొయ్య పెరిగాక పరీక్ష మరింత లోతుకు దిగింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు కోస్తా చెరువుల్ని తుడిచిపెట్టింది. భయపడ్డ రైతు చేతికందిన మందల్లా చల్లాడు. వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ పనిచేయదని చెప్పేవాడు గట్టు మీదికి వచ్చేసరికి ఆలస్యమైంది. 2001, 2002 ప్రాంతంలో ఐరోపా ప్రయోగశాలలు ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడలు పట్టుకోవడం మొదలుపెట్టాయి. మన ప్రభుత్వం ఆ మందుల్ని ఆక్వా సాగులో నిషేధించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009లో ఆ సంస్థ అనుమతితో వనామీ రొయ్య చెరువుల్లోకి దిగింది.

ఇప్పుడు ఐరోపా పెట్టుకున్న హద్దు చూడండి: క్లోరాంఫెనికాల్ కిలో రొయ్యకు 0.15 మైక్రోగ్రాము, నైట్రోఫ్యూరాన్ జాడ 0.5 మైక్రోగ్రాము. కిలోకు ఒక మైక్రోగ్రాము అంటే వెయ్యి టన్నుల సరుకులో ఒక గ్రాము. దాన్ని పట్టుకునే యంత్రం ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ కోట్లు పలుకుతుంది. 2016లో మన రొయ్యల పెట్టెల మీద అనుమానం పెరిగి, ఐరోపా నమూనాల్ని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచింది. అంటే వెళ్లిన ప్రతి రెండు సరుకుల్లో ఒకటి సరిహద్దులో ఆగి పరీక్షకు పోవాల్సి వచ్చింది. భీమవరం, నెల్లూరు వైపు రైతు కోతకు ముందే చెరువులోంచి నమూనా తీసి పరీక్షకు పంపడం నేర్చుకున్నాడు. 2023-24లో దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తులు 17,81,602 టన్నులు, విలువ 60,523.89 కోట్ల రూపాయలు. అందులో పెద్ద వాటా విశాఖ రేవుది. ఆ డబ్బు పోతుందన్న భయమే ఆ కోట్ల యంత్రాల్ని కొనిపించింది.

ఇక జపాన్ కథ. రెండు దారులూ ముడిపడేది ఇక్కడే.

2012లో జపాన్ మన రొయ్యలో ఎథాక్సిక్విన్ పట్టుకుంది. పేరు కొత్త, వస్తువు పాతది. 1950ల్లో మోన్శాంటో తెచ్చిన రసాయనం, నూనె వస్తువులు కంపు పట్టకుండా కాపాడుతుంది. చేపపొడిలో నూనె ఉంటుంది; గాలి తగిలితే ఆ నూనె వేడెక్కుతుంది, ఓడ అడుగున టన్నులకొద్దీ కుప్పగా ఉంటే తనంతట తానే రాజుకుంటుంది. అందుకే సముద్ర రవాణా నిబంధనలు చేపపొడిని ప్రమాదకర సరుకుల్లో చేర్చి, కంపునిరోధకం కలపాలన్నాయి. అలా ఓడకు నిప్పంటకుండా కలిపిన మందు చేపపొడిలోంచి రొయ్య మేతలోకి, మేతలోంచి రొయ్య కండలోకి, కండలోంచి జపాన్ ప్రయోగశాల పళ్లెంలోకి చేరింది. రైతు తప్పు చేయలేదు, ప్లాంటు తప్పు చేయలేదు. జపాన్‌లో 2006 నుంచి ఒక నియమం ఉంది: ప్రత్యేకంగా హద్దు రాయని రసాయనం ఏదైనా 0.01 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 0.01 పాలు, దాటకూడదు. ఆ అంకె దాటింది, ప్రతి పెట్టెనూ పరీక్షించాల్సిందే అన్నారు. తూర్పు కోస్తా ప్లాంట్లలో కలవరం రేగింది. మన ప్రభుత్వం, వియత్నాం ప్రభుత్వం వాదించగా వాదించగా 2014 జనవరిలో జపాన్ హద్దును 0.2 పీపీఎంకు సడలించింది.

సరిగ్గా ఇదే ఎథాక్సిక్విన్ అమెరికాలో కుక్కల తిండి మీద చాలా ముందే గొడవ రేపింది. అక్కడ మేతలో దాని హద్దు 150 పీపీఎం. కుక్కలకు జబ్బులొస్తున్నాయని యజమానులు ఫిర్యాదులు చేయగా 1997లో ఎఫ్‌డీఏ, కుక్కల ఆహార తయారీదారుల్ని దాన్ని 75 పీపీఎంకు తగ్గించుకోమని కోరింది. కోరింది, అంతే, ఆజ్ఞాపించలేదు. జపాన్ మనిషి పళ్లెంలో 0.01, అమెరికా కుక్క గిన్నెలో 75. తేడా ఏడున్నర వేల రెట్లు. మేతకు పెట్టిన హద్దునూ కండకు పెట్టిన హద్దునూ ఒకే త్రాసులో వేయడం పూర్తిగా న్యాయం కాదు, నిజమే. కానీ కుక్క విషయంలో మేతే భోజనం. రోజూ అదే, రెండు పూటలా అదే, పదేళ్లపాటు అదే. మనిషి రొయ్యను ఆదివారం తింటాడు. ఐరోపా 2017లో మేతల్లో ఎథాక్సిక్విన్ అనుమతినే నిలిపేసింది.

కుక్క తిండి వ్యాపారం మొదటి నుంచీ మిగులు సరుకు మీదే నడిచింది. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మాడు. డబ్బా కుక్క తిండికి గుర్తుండే ఏడాది 1922: ఇలినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో చాపెల్ సోదరులు కెన్-ఎల్ రేషన్ పేరుతో గుర్రపు మాంసాన్ని డబ్బాల్లో పెట్టారు. మోటారు బండ్లు, ట్రాక్టర్లు వచ్చి పనిలేకుండా పోయిన గుర్రాలు చవక. రెండో ప్రపంచ యుద్ధంలో తగరం కరువై అమెరికా ప్రభుత్వం కుక్క డబ్బాలకు రేకు ఆపేసింది. వ్యాపారులు పొడి గుళికల వైపు మళ్లారు, యుద్ధం ముగిసినా గుళికలదే పైచేయి అయింది.

డబ్బాలో ఒక భద్రత నిజంగానే ఉంది. మూత బిగించాక ఆవిరి పాత్రలో 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు. బాట్యులిజం కలిగించే క్లాస్ట్రిడియం బీజాలు చావాలంటే అంత వేడి కావాలి. మూత అంచు, డబ్బా అంచు ఒకదాన్నొకటి మడుచుకుని రెండు వరుసల కుట్టులా బిగుసుకుంటాయి. కుట్టు వదులైనా, వేడి చాలకపోయినా లోపల వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది. ఉబ్బిన డబ్బానూ, అంచు దగ్గర నొక్కుకుపోయిన డబ్బానూ కుక్కకైనా పెట్టకూడదు. ఐతే వేడి చంపేది సూక్ష్మజీవుల్ని మాత్రమే. రసాయనాన్ని చంపదు. 2017లో అమెరికాలో ఎవాంజర్స్ సంస్థ డబ్బా మాంసంలో పెంటోబార్బిటాల్ దొరికింది. జంతువుల్ని నొప్పి లేకుండా చంపడానికి పశువైద్యులు ఎక్కించే మందది. మరుసటి ఏడాది గ్రేవీ ట్రెయిన్ డబ్బాల్లోనూ దొరికింది. మందిచ్చి చంపిన పశువు ఎక్కడో ముడిసరుకులో కలిసిందన్నమాట. ఆవిరి పాత్ర ఆ మందును ఏమీ చేయలేకపోయింది.

ముడిసరుకు మోసం ఎంత తెలివిగా జరుగుతుందో 2007 చెప్పింది. మాంసకృత్తుల్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ రసాయనవేత్త యోహాన్ కెల్దాల్ 1883లో చూపిన దారి ఇది. రొయ్య మేతకూ, కోడి మేతకూ, కుక్క డబ్బాకూ నేటికీ ఇదే. ఈ లెక్క నత్రజని ఎక్కడిదో అడగదు. చైనా నుంచి అమెరికా వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపారు. ప్లాస్టిక్ పలకల తయారీకి వాడే ఆ పొడి బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. కాగితం మీద మాంసకృత్తులు పెరిగాయి, కుక్కల పిల్లుల మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టాయి. మెన్యూ ఫుడ్స్ అనే తయారీదారు ఒక్కటే ఆ మార్చిలో ఆరు కోట్ల డబ్బాలు, పొట్లాలు వెనక్కి పిలిచింది. పదుల బ్రాండ్ల తిండి ఒకే వంటశాలలో ఉడుకుతోందని కొనుగోలుదార్లకు తెలిసింది అప్పుడే. మరుసటి ఏడాది అదే మెలమైన్ చైనా పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. కుక్కలు చచ్చినప్పుడు వినిపించిన గంటను ఆ దేశం వినిపించుకోలేదు.

కుక్క ముందు చావడం, మనిషి తరవాత గమనించడం మన దేశంలోనూ జరిగింది. దాన్ని విప్పిచెప్పింది హైదరాబాదు. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం వ్యాపించాయి. అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న ఆ గిరిజనుల ప్రధాన ఆహారం. జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి బృందం వెళ్లి పరిశోధించి, ఆ మొక్కజొన్నకు పట్టిన బూజులోని అఫ్లటాక్సిన్ కారణమని తేల్చింది. 397 మంది జబ్బుపడగా 106 మంది చనిపోయారు. ఆ బృందం నమోదు చేసిన మరో సంగతి, ఆ ఇళ్ల తిండే తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చి చచ్చాయని. అఫ్లటాక్సిన్ పేరు పుట్టింది 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిన తరవాత. అంతకుముందే 1952లో అలబామాలో కుక్కలకు అంతుచిక్కని కాలేయ వ్యాధి వచ్చిందనీ, దానికీ బూజు పట్టిన మేతే మూలమనీ తరవాత బయటపడింది. వేరుశనగ చెక్క, మొక్కజొన్న, తవుడు తెలుగునాట మేతలన్నిటికీ పునాది. గోదాములో తేమ ఆరని బస్తా ఒకటుంటే చాలు.

మరి విశాఖ దుకాణంలోని డబ్బాను మన చట్టం ఎలా చూస్తుంది? 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మూడో సెక్షన్‌లో ఆహారం అంటే మనుషులు తినేది. పశువుల మేత అందులోకి రాదని స్పష్టంగా రాసుంది. చేపల బజారులో చేపకు ఫార్మాలిన్ పూశారని అనుమానం వస్తే అధికారి రావచ్చు. 2018లో అలాగే జరిగింది: ఆంధ్ర చేపను అసోం పది రోజులు ఆపేసింది, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన కాగితపు ముక్క పరీక్ష ఇళ్లకు చేరింది. కుక్క డబ్బా విషయంలో ఆ అధికారికి పనిలేదు. భారతీయ ప్రమాణాల సంస్థకు పెంపుడు జంతువుల ఆహారానికి ఒక ప్రమాణం ఉన్నా, పాటించడం తయారీదారు ఇష్టం. తూనికలు, కొలతల శాఖ అట్ట మీద బరువు, తేదీ, ధర, చిరునామా ఉన్నాయా అని చూస్తుంది. విదేశీ డబ్బాకు మాత్రం 1898 పశు దిగుమతి చట్టం కింద అనుమతిపత్రం, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అది మన పశువులకు పరాయి తెగులు సోకకుండా పెట్టిన కాపలా. డబ్బా తినే కుక్క ఆరోగ్యం దాని ధ్యేయం కాదు.

కాబట్టి కొనేవాడికి మిగిలేది అట్ట. అట్ట అబద్ధం చెప్పకపోయినా తికమక పెట్టగలదు. డబ్బా మీద మాంసకృత్తులు 8 శాతం అని, పక్కనున్న గుళికల సంచి మీద 22 శాతం అని ఉంటే సంచే గొప్పదనిపిస్తుంది. డబ్బాలో 80 శాతం నీరు. నీరు తీసేసి లెక్కేస్తే మిగిలిన 20లో 8, అంటే 40 శాతం. సంచిలో నీరు 10 శాతమే కాబట్టి 90లో 22, అంటే 24 శాతం చిల్లర. ఐతే ఆ నలభైలో కండ ఎంతో, ఈకలూ చర్మమూ ఎంతో కెల్దాల్ లెక్క చెప్పదు. ముడిసరుకుల జాబితా సాధారణంగా బరువు వరుసలో ఉంటుంది. నీళ్లతో ఉన్న పచ్చి కోడిమాంసం మొదటి పేరైనా, ఎండబెడితే మూడో నాలుగో స్థానానికి జారవచ్చు. అమెరికా డబ్బాల మీది పేర్లకో గుట్టు ఉంది: ఉత్త బీఫ్ అని పేరు పెడితే 95 శాతం, బీఫ్ డిన్నర్ అంటే 25 శాతం చాలు, విత్ బీఫ్ అంటే 3 శాతం, బీఫ్ ఫ్లేవర్ అంటే రుచి తెలిస్తే చాలు. మాంసం, జంతు ఉపఉత్పత్తులు అని ముక్తసరిగా రాసినచోట ఏ జంతువో ఏ భాగమో అడగాల్సిందే. కాలేయం, గుండె ఉపఉత్పత్తులే, అవి కుక్కకు మంచి తిండి. ఆ మాట చూసి మొహం చిట్లించనక్కరలేదు. పేరు చెప్పకపోవడం మీదే అనుమానం ఉండాలి.

ఈ రెండు దారులూ ఇప్పుడు కంపెనీ స్థాయిలోనూ కలుస్తున్నాయి. రొయ్య మేతలో పేరున్న అవంతి ఫీడ్స్ నమోదిత కార్యాలయం విశాఖలోనే ఉంది. 1993లో మొదలై కొవ్వూరు ప్లాంటుతో ఎదిగింది. అందులో దాదాపు పాతిక శాతం వాటా థాయ్ యూనియన్‌ది. ప్రపంచానికి డబ్బా ట్యూనా అమ్మే ఆ సంస్థకు పెంపుడు జంతువుల ఆహారం కోసం ఐ-టెయిల్ అనే ప్రత్యేక కంపెనీయే ఉంది. మనుషుల డబ్బాకు తెల్ల కండ తీశాక మిగిలే ఎర్ర కండ పిల్లుల డబ్బాకు పనికొస్తుంది. థాయ్‌లాండ్ ఆ లెక్క మీద ఒక పరిశ్రమనే నిలబెట్టింది. అవంతి 2024లో థాయ్ సంస్థ బ్లూఫాలోతో కలిసి అవంతి పెట్ కేర్ పేరుతో ఈ వ్యాపారంలోకి దిగింది. పెడిగ్రీ తయారుచేసే మార్స్ కర్మాగారం హైదరాబాదు సమీపంలో చాలాకాలంగా నడుస్తోంది. మేత తయారీ, ప్రయోగశాలలు, శీతల గదులు, రేవు అన్నీ తెలుగు తీరాన సిద్ధంగా ఉన్నాయి.

ఇక్కడి డబ్బా ఐరోపాకు పోవాలంటే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడి 2009 చట్టం జంతు ఉపఉత్పత్తుల్ని మూడు తరగతులు చేసింది. కుక్క తిండిలోకి మూడో తరగతి సరుకే రావాలి. అంటే మనుషులు తినడానికి పనికొచ్చే జంతువు నుంచి తీసి, వ్యాపార కారణాల వల్ల మనుషుల పళ్లెంలోకి పోనిది మాత్రమే. చచ్చిపడి ఉన్న పశువు, మందిచ్చి చంపినది, నిషిద్ధ మందు జాడలున్నది అన్నీ బయటే. ఆ పెట్టె వెంట ప్రభుత్వ పశువైద్యుడి సంతకంతో ధ్రువపత్రం వెళ్తుంది, సరిహద్దులో నమూనా తీస్తారు, తేడా వస్తే పెట్టె వెనక్కి వస్తుంది. అదే డబ్బా విశాఖ ఆసీల్‌మెట్ట దుకాణంలో అమ్ముడైతే కొన్నవాడి చేతిలో బ్యాచ్ నంబరు, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఒక ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉంటాయి.